పదిహేడో మనిషి

కంట్రోలర్ వెచ్చగా ఉంది. పొద్దుట్నుంచీ అన్న కొడుకు దాన్ని కింద పెట్టినట్టు లేదు, వాడి చేతి చెమట ఇంకా గుండీలకి అంటుకునే ఉంది, ఆ చెమట మీద ఇప్పుడు తన బొటనవేళ్ళు జారుతున్నాయి. నలభైతొమ్మిదేళ్ళ వయసులో, దుకాణాల ఇనప షట్టర్లకి స్ప్రింగులు మార్చి మార్చి కొయ్యబారిపోయిన వేళ్ళతో, ఆదివారం సాయంత్రం నాలుగింటికి మంచం అంచున కూర్చుని వీడియో గేమ్ ఆడాల్సిన ఖర్మేమిటి తనకి? ఎవరైనా చూస్తే నవ్విపోరూ. నవ్వితే నవ్వనీ, నవ్వుతో పోయే గండమైతే ఇంకేం కావాలి. "పైగుండీ గుద్దు, కింద గుండీ తన్ను, వెనకున్నది నొక్కిపడితే కాచుకోవడం. అంతే బాబాయ్, షట్టరు ఎత్తడం కంటే తేలిక," అంటున్నాడు వాడు. వాడికి ఇరవైమూడు. పగిలిన ఫోన్లకి అద్దాలు మార్చే పని. ఎవరో పాత సామాన్లలో పడేసిన ఈ ఆట డబ్బాని తెచ్చి, తుడిచి, విప్పి, అతికించి బతికించుకున్నాడు. టీవీ తెర మీద నాలుగు వరసల్లో పదహారు మొహాలు, వాటి కింద ఒంటరిగా పదిహేడో గడి. మూడు నెలల కిందటి దాకా ఆ గడిలో నల్లటి నీడా, దాని మీద ఒక తాళం బొమ్మా తప్ప ఏమీ లేవట. పదహారుగురితోనూ ఒక్కొక్కరితో చివరిదాకా ఆడి గెలిస్తే గానీ ఆ తాళం ఊడదు. వీడు గెలిచాడు. ఊడింది. తాళం వెనక వీడి నాన్న నిలబడి ఉన్నాడు.

అన్న మొహం కాదులే అది. మొహం ఎవడో కంప్యూటర్ ముందు కూర్చుని గీసిపారేసింది, రాయిలాంటి దవడ, కళ్ళ చుట్టూ నల్లటి రంగు, అన్నకి అంత అందం ఏడ్చిందా. కానీ వాడు వేలు కదపగానే ఆ బొమ్మ నాలుగడుగులు వేసింది, ఎడమ పాదం బయటికి తిరిగి, మడమ కాస్త ఆలస్యంగా నేలని తాకి, ప్రతి అడుగుకీ ఆ భుజం ఒక్క పిసరు కుంగి. చిన్నోడి వీపున ఎవరో చన్నీళ్ళు కుమ్మరించినట్టయింది. పంతొమ్మిదేళ్ళ కిందట ఆగిపోయిన నడక. చిన్నోడంటే ఇతనే, గుద్దులు నేర్పిన హాల్లో మాస్టారు పెట్టిన పేరది, అన్న పెద్దోడు, తను చిన్నోడు, జుట్టు నెరిసింది గానీ ఆ పేరు నెరవలేదు. "నా నడకే బాబాయ్!" అని అరిచాడు వీడు మూడు నెలల కిందట ఫోన్లో. "షాపులో అందరూ నన్ను బాతూ బాతూ అని ఏడిపిస్తారు గదా, ఆ బాతు నడకే! అమ్మని లాక్కొచ్చి చూపించా. గుమ్మంలో నిలబడి ఒక్కసారి చూసి, మీ నాన్నే, అని వెళ్ళిపోయింది. మళ్ళీ ఈ గదిలోకి వస్తే ఒట్టు." నాలుగేళ్ళప్పుడు పోయిన తండ్రి. వీడికి గుర్తున్నదల్లా ఒక చెమట వాసనా, గరుకు గెడ్డమూ. ఇప్పుడు రోజూ పని నుంచి వచ్చి ఆ తండ్రిని ఓ గంట లేపి నిలబెట్టి, నలుగురిని గుద్దించి, గెలిపించి, మళ్ళీ పడుకోబెడుతున్నాడు. ఒక్కసారి కూడా నాన్నతో ఓడిపోలేదు బాబాయ్, అని ఫోన్ చేసినప్పుడల్లా గొప్ప చెప్పేవాడు. ఆ ఒక్క మాట మీదే చిన్నోడు ఈ మూడు నెలలూ నిద్రపోయాడు. ఓడిపోకు నాయనా, అనుకునేవాడు షట్టరు కింద వెల్లకిలా పడుకుని గ్రీజు పూస్తూ, ఎవరితోనైనా ఓడిపో గానీ ఎలుగుతో ఓడిపోకు.

ఎలుగు ఆ పదహారుగురిలో పదమూడోవాడు. ఎలుగుబంటి తోలు భుజాన వేసుకున్న కొండలాంటి మనిషి. ఆ తోలు లోపల ఉన్నది చిన్నోడే. పంతొమ్మిదేళ్ళ కిందటి చిన్నోడు, ముప్ఫయ్యేళ్ళవాడు, మెడ ఇంకా తిరిగే రోజుల్లో. ఇవాళ గుమ్మంలో అడుగుపెట్టగానే వాడు రెండు కంట్రోలర్లూ తీసి ఒకటి తన చేతిలో పెట్టి, "నువ్వు నాన్న, నేను నువ్వు," అన్నాడు. "నేను ఎలుగుని ఆడతాలేరా, నాకు అలవాటైన ఒళ్ళు," అన్నాడు చిన్నోడు. "నీ ఒంట్లో నువ్వు రోజూ ఉంటూనే ఉన్నావుగా బాబాయ్. ఒక్క పూట నాన్న ఒంట్లోకి పో." కళ్ళు సరిగా ఆనడం లేదన్నాడు. వేళ్ళు తిరగవన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఎవరూ అడగని సాకులన్నీ తనే చెబుతున్నాడని తెలిసి ఆగాడు. తెర కర్ర మీద వేలాడే పాత దుప్పటి వెనక, పక్కగదిలో, వదిన కుట్టుమిషను ఆగింది. "ఆడు చిన్నోడూ," అంది ఆవిడ. "వారం నుంచి ఆ పిచ్చివెధవ నువ్వొస్తావని గది ఊడ్చుకుంటున్నాడు. ఎన్నడూ ఊడ్చిన పాపాన పోనివాడు." మిషను మళ్ళీ మొదలైంది. ఎవరివో బడి చొక్కాలు, ముప్ఫై, రేపటికి ఇవ్వాలిట.

గంట మోగింది. తెర మీద కుడివైపు నుంచి ఎలుగు వచ్చాడు, అదే తన పాత అలవాటు, గుద్దే ముందు ముక్కు ఎగబీల్చడం. ఆ రోజుల్లో జలుబు ఉండింది కాబోలు, ఆ జలుబుని కూడా దాచిపెట్టారు దొంగవెధవలు, పంతొమ్మిదేళ్ళు చెడకుండా. ఎడంవైపు అన్న. అన్న తన బొటనవేళ్ళ కింద ఉన్నాడు. పైగుండీ నొక్కితే అన్న గుద్దాడు, ఆ గుద్దులో మోచెయ్యి ఒంటికి ఆనించి తిప్పడం మాస్టారు నేర్పింది, వందసార్లు తిట్లు తిని నేర్చుకున్నది. ఎలుగు వెనక్కి తూలాడు. నొక్కాడు, మళ్ళీ గుద్దాడు. వింతేమిటంటే సుఖంగా ఉంది. ఇంత భయంలోనూ ఎక్కడో అడుగున ఒక పాడు సుఖం, అన్న చేతులతో తనని తాను కొట్టుకోవడం. కొట్టు, ఇంకా కొట్టు, వాడికి కావలసిందే. ఈ పని పంతొమ్మిదేళ్ళ కిందట నువ్వు చేసి ఉంటే ఎంత బాగుండేదన్నా, అందరి ముందూ నన్ను నవ్వులపాలు చేసే బదులు నాలుగు పీకి ఉంటే. పైన పసుపుపచ్చగా రెండు గీతలున్నాయి, ప్రాణాలట అవి, ఎలుగు ప్రాణం పొట్టిదైపోతోంది. "అబ్బో, బాబాయ్ కుమ్మేస్తున్నాడమ్మా!" అని వాడు లోపలికి కేకేశాడు. కావాలనే వదిలేస్తున్నాడు వెధవ, పెద్దవాడు గదా అని మొదటి రౌండు చేతిలో పెడుతున్నాడు. పెట్టు. రెండు రౌండ్లు గెలిస్తే ఆట అయిపోతుంది. ఇంకొక్కటి. ఆ ఒక్కటీ గెలిచి టీ తాగి, తల నొప్పిగా ఉందని చెప్పి మెట్లు దిగిపోతాడు, మళ్ళీ ఈ గడప తొక్కడు. డబ్బా పాతది, ఎన్నాళ్ళు పనిచేస్తుంది? ఏదో ఒక రోజు లోపల ఏదో కాలి చస్తుంది. అప్పటిదాకా వీడు గెలుస్తూ ఉంటే చాలు.

ఆ హాలు టైర్ల దుకాణం పైన ఉండేది, ఎప్పుడూ రబ్బరు కంపు. గుద్దులూ పట్లూ రెండూ నేర్పేవారు మాస్టారు. నేల మీద నీలం రంగు చాపలు, వాటి కుట్లు ఊడిపోతే కుట్టేది మాస్టారి కూతురు, హాలు వెనక గదిలో ఉండేవారు తండ్రీ కూతురూ. చాప మీద ఎవరినైనా పట్టుపట్టి నొక్కినప్పుడు, కింద ఉన్నవాడు అరచేత్తో చాపని రెండుసార్లు కొడితే వదిలెయ్యాలి. గెలుపూ ఓటమీ తర్వాత, ముందు చెయ్యి వదలాలి. రెండు దెబ్బలు వినపడ్డాక ఇంకా పట్టుకున్నవాడు మనిషి కాదురా, అనేవారు మాస్టారు, అలా పట్టుకున్నందుకు ఒక పోలీసు కొడుకుని మెట్ల మీద నుంచి చొక్కా పట్టుకుని గెంటేశారు, వాళ్ళ నాన్న వచ్చి బతిమాలినా మళ్ళీ రానివ్వలేదు. ఒక్క దెబ్బంటే చెయ్యి జారినట్టు. మూడంటే తిమ్మిరి దులుపుకున్నట్టు. రెండంటే రెండే. మాస్టారి కూతురు వెనక గదిలో పాఠాలు చదువుకుంటూ, అన్నం వండుతూ, ఆ చప్పుడు వినే పెరిగింది. గోడవతల నుంచి, "నాన్నా, ఇందాక కొట్టింది పెద్దోడు కాదూ? అరచెయ్యి వెడల్పు," అనేది. చెవులా అవి? ఆ చెవులున్న ఆడదాన్ని అన్న పెళ్ళి చేసుకున్నాడు. పాపం అన్న అర్ధరాత్రి చెప్పులు చేత పట్టుకుని వచ్చినా పట్టేసుకునేదట. ఆ చెవులు ఇప్పుడు ఈ దుప్పటి వెనక, మూడు గజాల దూరంలో, మిషను చప్పుడు వెనక ఉన్నాయి.

రెండో రౌండు. వాడు ముందుకి వంగి కూర్చున్నాడు, ఇందాకటి వాడు కాదు వీడు, మెడ మీద నరం లేచింది. అచ్చం పెద్దోడు ఇలాగే వంగేవాడు, భోజనానికి కూర్చున్నా యుద్ధానికే. ఎలుగు మీదికొచ్చాడు. చిన్నోడు కాచుకునే గుండీ నొక్కిపట్టాడు, వేలి కణుపులో ఇనపరజను దిగినట్టు నొప్పి. అన్న రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని వంగిపోయి దెబ్బలు తింటున్నాడు. పడ్డాడు. లేచాడు. మోకాలు ముందు, తర్వాత చెయ్యి, తర్వాత ముక్కు కింద వేలితో ఒక్క తుడుపు, లేచినప్పుడల్లా అంతే. పడటంలో అన్నని మించినవాడు లేడు. కొట్టడం ఎవడైనా నేర్చుకుంటాడురా, పడటం చదువు, అనేవాడు. గెడ్డం ఛాతీకి ఆనించి, ఊపిరి వదిలేసి, వీపుని గిన్నెలా వంచి. మేడ మీద నుంచి పడేసినా పిల్లిలా దిగేవాడు. అందుకే ఈ ఆట తయారుచేసే స్టూడియో వాళ్ళు మనుషుల్ని వెతుక్కుంటూ హాలుకి వచ్చినప్పుడు కొట్టడానికి తననీ, పడటానికి అన్ననీ ఎంచుకున్నారు. ఒళ్ళంతా బిగుతైన నల్లటి బట్ట, దాని మీద బుల్లి బుల్లి తెల్ల బంతులు, నేరేడు పళ్ళంత. వాటిని కీళ్ళ మీద అంటించడానికి ఒకావిడ ఉండేది, నోట్లో జిగురుటేపు ముక్కలు కరుచుకుని మాట్లాడేది. చుట్టూ గోడల మీద ఎర్రకళ్ళ కెమెరాలు. అవి మనిషిని చూడవట, బంతుల్నే చూస్తాయట, ఆ బంతులు కదిలినట్టే ఆటలో బొమ్మ కదులుతుందట. అద్దాల గదిలోంచి మైకులో ఒకడు మాట్లాడేవాడు. వాడి మొహం ఇప్పుడు గుర్తు లేదు, మాట గుర్తుంది. "నిజంగా లేదు. ఇంకోసారి."

అయిదో రోజు. బోర్లా పడిన మనిషి వీపు మీద మోకాలు వేసి, ఒక చెయ్యి వెనక్కి విరిచిపట్టి, మెడ వెనక మోచేత్తో పొడవాలి. పొడిచినట్టుండాలి, తగలకూడదు. ఇంకోసారి. ఇంకోసారి. పదకొండుసార్లో పన్నెండుసార్లో అయింది. కింద నుంచి అన్న మొహం పక్కకి తిప్పి అద్దాల గది వైపు చూసి, "వీడికి కొట్టడం రాదు సార్, చిన్నప్పట్నుంచీ అంతే, దోమని కొట్టినా ముందు సారీ చెప్తాడు," అన్నాడు. మైకులో నవ్వు. అద్దం వెనక నాలుగైదు గొంతుల నవ్వు. నోట్లో టేపు ముక్కలతో ఆవిడ కూడా నవ్వింది. ఏముంది ఆ మాటలో? ఏమీ లేదు. అన్న రోజుకి నలభైసార్లు అలాంటివి అనేవాడు, తనూ నవ్వేవాడు. అయిదో తరగతిలో బడి మానిపించి తనని హాల్లో పడేసినవాడు అన్నే, అన్నం పెట్టినవాడు అన్నే, వేళాకోళం చేసే హక్కు వాడికి లేక ఇంకెవడికుంది. కానీ ఆ రోజు ఆ నవ్వు మైకులోంచి వచ్చింది, గోడలన్నిటి మీద నుంచీ ఒకేసారి వచ్చింది. మోకాలు వేశాడు. బరువు మొత్తం వేశాడు. కింద ఎక్కడో ఒక ఎముక జరిగింది, జరగడం మోకాలికి తెలిసింది. ఆ తర్వాత మోచెయ్యి. "అదీ!" అన్నాడు మైకులో వాడు. "అదీ టేకంటే!"

రెండో రౌండు పోయింది. మామూలు తన్నుతోనే పోయింది, అన్న వెల్లకిలా పడ్డాడు, లెక్కపెట్టారు, అంతే. ఊపిరి పీల్చుకున్నాడు. ఆ మోకాలి పట్టు ఆఖరి రౌండులో ఆఖరి దెబ్బకి తప్ప రాదని వాడే చెప్పాడు ఇందాక. "ఎలుగుకి భలే ముగింపు ఉంటుంది బాబాయ్, నేను మిగతా అందరి మీదా వేశా, ఒక్క నాన్న మీద మాత్రం వెయ్యలేదు, మనసొప్పలేదు." నవ్వుతూ అన్నాడు. మిగతా అందరి మీదా వేసినా ఏమీ లేదు, చిన్నోడికి తెలుసు. మిగతా వాళ్ళకి ఆ చెయ్యి కదలికని కత్తిరించేశారు. ఆ సంగతి చెప్పింది ఆ బంతుల ఆవిడే. అన్న పోయిన ఏడాదికి రోడ్డు మీద కనపడి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, రెండు చేతులూ పట్టుకుని చెప్పింది. ఆట బయటికొచ్చిందట. మీ అన్నగారి కోసం మేమందరం పట్టుబట్టి ఒక మనిషిని పెట్టించామండీ, తాళం వేసి, కష్టపడ్డవాళ్ళకే దొరికేట్టు. మామూలుగా టేకులో పనికిరాని కదలికలన్నీ తుడిచేస్తాం, వేళ్ళు వణకడం, చెయ్యి ఆడటం, అలాంటివి. మీ అన్నగారి మనిషికి మాత్రం ఆ ఆఖరి టేకుని వెంట్రుకవాసి కదపలేదండీ, ఆయన ఎలా పడ్డారో అలాగే ఉంచాం, నేలకి చెయ్యి తగిలిన చప్పుడుతో సహా కూర్చాం. ఆయన గౌరవం కోసం. గౌరవమట. హాలు మెట్లెక్కనివాళ్ళకి ఆ చెయ్యి భాష ఏం తెలుసు? చచ్చినోడి కళ్ళు చారెడంటారు, చేతుల్ని కూడా చారెడు చేసి భద్రంగా తాళం వేసి, పదహారు గదుల అవతల దాచి, లోకంలో ఎవడికో ఒకడికి దొరికేట్టు వదిలిపెట్టారు. దండం పెట్టి వచ్చేశాడు.

మూడో రౌండు. అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. మిషను నడుస్తూనే ఉంది, ఒక చొక్కా పూర్తయి ఇంకోటి మొదలైనట్టుంది, ఆ మధ్య రెండు క్షణాల నిశ్శబ్దంలో దుప్పటి వైపు చూశాడు. మిషను అలాగే నడిపించు వదినా. గెలవాలి. గెలవకపోతే కనీసం ఆ మూల గడియారం తొంభై నుంచి సున్నాకి వచ్చేదాకా అన్నని నిలబెట్టాలి. దూరంగా జరిగాడు. అన్న ఎప్పుడూ దూరంగా జరిగేవాడు కాదు, ఆ బాతు నడక వెనక్కి వేస్తే ఇంకా నవ్వొచ్చేట్టు ఉంది. ఆ రోజు స్టూడియో నుంచి వచ్చే బస్సులో మాత్రం కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు, మెడ తిప్పకుండా. చాలాసేపయ్యాక, "చెయ్యి కొట్టాను కదరా, వినపళ్ళేదా?" అన్నాడు. "లేదన్నా," అన్నాడు తను. టైర్లూ ఇంజనూ కండక్టరూ చప్పుడు. "సరేలే," అన్నాడు అన్న. అంతే, ఇంకేం అడగలేదు, అడిగినా బాగుండేది. మూడో రోజు పొద్దున కుళాయి దగ్గర బిందె నిండి పొర్లుతోంది, పక్కన అన్న కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయి ఉన్నాడట. వదిన పరుగెత్తుకొచ్చి అడిగింది, స్టూడియోలో ఏం జరిగింది చిన్నోడూ, ఏం జరిగింది చెప్పు. అప్పుడు నోట్లోంచి ఊడిపడిన మాట, ఎవడో వెనక నుంచి అందించినట్టు, "అన్నే లెక్క తప్పి పడ్డాడు వదినా." లెక్క తప్పి. పడటం చదువన్నవాడు లెక్క తప్పాడట. ఆ మాటకి వదిన ఏడుపు ఆపి తన మొహంలోకి చూసింది. మాస్టారు మాత్రం నమ్మేశారు. నేను నేర్పిన పడటమే వాణ్ణి మింగింది, నా చదువే తప్పు, అని గోడకేసి తల కొట్టుకున్నారు, నెల తిరక్కుండా హాలు మూసి చాపలు అమ్మేశారు, ఆ తర్వాత బతికిన ఆరేళ్ళూ ఎవరికీ ఒక్క పట్టు నేర్పలేదు. పోయే రోజుక్కూడా అదే గొణుగుడు. పక్కనే కూర్చుని కాళ్ళు పిసికాడు తను. నోరు తెరిస్తే అయిపోయేది. తెరవలేదు. ఏం ఒరుగుతుంది, చచ్చిన అన్న లేచొస్తాడా, అనుకున్నాడు. అసలు ఆ దెబ్బలు ముందు కొట్టాడా తర్వాతా? ఈ ప్రశ్న ఒక్కటే చిన్నోడు తనకోసం దాచుకున్న గొంగళి. మోచెయ్యి పడ్డాకే చెయ్యి కొట్టాడేమో. అలా అయితే ఆపడానికి ఏముంది, అప్పటికే అయిపోయింది కదా. పదిహేనేళ్ళు కష్టపడి ఆ లెక్క తిరగేసుకున్నాడు, ముందున్నది వెనక్కీ వెనకున్నది ముందుకీ, ఇప్పుడు నిజంగానే తెలియదు. దేవుడి మీద ఒట్టు, తెలియదు.

"అటూ ఇటూ పారిపోతావేంటి బాబాయ్, నాన్న పరువు తీస్తున్నావ్," అన్నాడు వాడు. నలభై అయిదు. నలభై నాలుగు. ఎదురు తిరిగాడు. గుద్దాడు, గుద్దాడు, తన్నాడు, ఎలుగు గీత వేలెడు మిగిలింది, అన్న గీతా అంతే. ఒక్క దెబ్బ. ఒక్కటి తగిలితే చాలు, అన్న గెలుస్తాడు, టీ వస్తుంది. వేలు గుండీ మీదికి పోతోంది. వాడు తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా, ఏదో ఫోను అద్దం సంగతి చెబుతున్నంత మామూలుగా అన్నాడు, "బాబాయ్, నాన్న తప్పుగా పడ్డాడనే గదా తాతయ్య అంత కుమిలిపోయింది? నేను మూడు నెలలుగా చూస్తున్నా. ఈ డబ్బాలో వెయ్యిసార్లు పడుంటాడు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా తప్పుగా పళ్ళేదు బాబాయ్." వేలు ఆగింది. ఎంతసేపు? రెప్పపాటు. ఆ రెప్పపాటులో ఎలుగు ముక్కు ఎగబీల్చి మీదికి వచ్చాడు, అన్న చెయ్యి దొరికింది, తిప్పాడు, బోర్లా పడేశాడు. తెర అంచులు నల్లబడ్డాయి, సంగీతం ఆగిపోయింది, ఇద్దరు మనుషులు మాత్రం మిగిలారు.

"నొక్కు బాబాయ్! గబగబా నొక్కు, విడిపించుకోవచ్చు!"

నొక్కాడు. ప్రాణం పోయేట్టు నొక్కాడు, వేలి గోరు తెల్లబడింది, కింద అన్న వీపు ఎగిరెగిరి పడుతోంది, ఇంకాస్త, ఇంకాస్త అయితే మోకాలు జారుతుంది. మోకాలు. తన మోకాలు. అన్న కుడి చెయ్యి తోలు కిందనుంచి బయటికొచ్చి నేల మీద తడుముతోంది. అయిదు వేళ్ళూ విడివిడిగా కనపడుతున్నాయి, వెంట్రుకవాసి కదపలేదన్నారు కదా. అప్పుడు చిన్నోడికి ఒక కోరిక పుట్టింది. బుద్ధున్నవాడికి పుట్టే కోరిక కాదు. పంతొమ్మిదేళ్ళు పక్కటెముకల మధ్య తొలిచిన పురుగు అది, దానికి సిగ్గూ శరమూ ఏముంటాయి. ముందా, తర్వాతా? ఇంకో క్షణం ఆగితే కనపడుతుంది. లోకంలో దీన్ని రాసిపెట్టిన చోటు ఇదొక్కటే. చూస్తే పోతుంది. తర్వాతే అయితే? తర్వాతే అయితే ఇన్నాళ్ళ జైలూ ఉత్తిదే, ఇవాళే, ఇప్పుడే, లేచి వదిన ముందు నిలబడి చెప్పొచ్చు. వేలు దానంతటదే ఎత్తేసింది.

టప్. టప్.

ఆ తర్వాత ఖాళీ. అంత ఖాళీ ఉందని ఎన్నడూ అనుకోలేదు. అన్న అరచెయ్యి నేల మీద వెడల్పుగా పరుచుకుని ఎదురుచూస్తోంది. పైన ఎలుగు తల కొంచెం వంచాడు, ఆ చెయ్యి వైపు వంచాడు, విన్నవాడు వంచినట్టు. ఒక మనిషి ఊపిరి తీసి వదలొచ్చు అంతలో. మోకాలు తియ్యొచ్చు. లేచి నిలబడి చెయ్యి అందించి, దుమ్ము దులిపి, నవ్విన వాళ్ళని నాలుగు తిట్టి, క్యాంటీనుకి పోయి టీ కూడా తాగొచ్చు. ఎలుగు భుజం వెనక్కి లేచింది. మోచెయ్యి దిగింది.

తెర మీద పెద్ద అక్షరాలు వచ్చాయి. చిన్నోడు వాటిని చదవలేదు. మిషను ఆగిపోయింది. చొక్కా మారేటప్పుడు ఆగినట్టు ఆగలేదు, కుట్టు మధ్యలో, చక్రాన్ని అరచేత్తో పట్టి ఆపినట్టు. వాడు ఇంకా తెర వైపే చూస్తూ, "అదేంటది, నేలని చేత్తో అలా కొట్టాడు? మిగతావాళ్ళకి లేదే అది," అన్నాడు. "నొప్పికా బాబాయ్?" ఏదో ఒకటి చెప్పాలి. అవునురా నొప్పికే, అనాలి. పక్కగదిలో కుర్చీ జరిగింది. చెప్పులు లేని అడుగులు, మోకాళ్ళ నొప్పితో ఒకటి బరువుగా ఒకటి తేలిగ్గా, తొందరేమీ లేకుండా. దుప్పటి పక్కకి తొలిగింది. వదిన మెడలో టేపు, చొక్కా చేతి ముక్క ఇంకా చేతిలోనే ఉంది, సూది దానికే గుచ్చి ఉంది. ఆవిడ చిన్నోడి వైపు చూడలేదు. టీవీ వైపు చూసింది, అక్కడ అన్న బోర్లా పడి ఉన్నాడు, ఎవరూ లేపలేదు.

"అది మళ్ళీ వెయ్యి," అంది కొడుకుతో.

"ఊరికే రాదమ్మా అది. నాన్న ఓడిపోతేనే వస్తుంది."

ఆవిడ వచ్చి మంచం మీద, చిన్నోడి పక్కన, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా కూర్చుంది. అతని ఒళ్ళోంచి జారిపోయిన కంట్రోలర్ని వెతికి తీసి, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, రెండు చేతుల్లోనూ పెట్టింది.

"ఓడిపో చిన్నోడూ," అంది.